శరత్కాలంలో ఉత్తర అడవుల్లోకి బృందాన్ని తీసుకెళ్ళడం ఎలా: అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు గైడ్లు పాటించే పద్ధతి

సెప్టెంబరు వచ్చిందంటే బోస్టన్, న్యూజెర్సీ, కనెటికట్ వైపు ఉండే తెలుగువారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "ఏడెనిమిది మందిమి ఫాల్ కలర్స్ (శరత్కాలంలో రంగు మారే ఆకులు) చూడడానికి మెయిన్ రాష్ట్రపు ఉత్తర అడవుల్లోకి వెళ్తున్నాం. అందరినీ తీసుకెళ్ళే బాధ్యత నా మీద పడింది. గైడ్లు ఏం చేస్తారో చెబితే మేమూ అలాగే చేస్తాం" అంటారు. ఫోనులో ఐదు నిమిషాల్లో చెప్పి ముగించగల జవాబు కాదు కాబట్టి, ఆ అడవుల్లో శరత్కాలమంతా గైడుగా పనిచేసేవారు ఒక రోజును ఎలా సిద్ధం చేసుకుంటారో, ఎలా నడుపుతారో, ఎలా ముగిస్తారో ఇక్కడ వరసగా రాస్తున్నాను. మిల్లినాకెట్, గ్రీన్‌విల్, బాక్స్‌టర్ స్టేట్ పార్కు, మూస్‌హెడ్ సరస్సు చుట్టుపక్కల ప్రాంతానికి, సెప్టెంబరు చివరి వారం నుంచి నవంబరు నడిమి వరకు ఇది వర్తిస్తుంది. వేసవిలో ఇదే దారిలో హాయిగా నడిచి వచ్చిన అనుభవం మీకు ఉన్నా, దాన్ని కొలమానంగా తీసుకోకండి. ఈ కాలంలో గైడు రోజంతా కాపాడుకునేవి రెండు: మిగిలి ఉన్న వెలుతురు, బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి ఒంట్లోని వెచ్చదనం. కింద చెప్పిన ప్రతి పనీ ఈ రెండింటి కోసమే.

ముందుగా చట్టం సంగతి

మెయిన్‌లో గైడ్లకు లైసెన్సు పద్ధతి 1897లో మొదలైంది. మొదటి లైసెన్సు అందుకున్నది కార్నీలియా క్రాస్బీ అనే మహిళ. డబ్బు గాని, మరో రూపంలో ప్రతిఫలం గాని తీసుకొని ఇతరులను అడవిలోకి, నీటి మీదకు వెంటబెట్టుకొని వెళ్ళేవారికి నేటికీ ఆ రాష్ట్ర గైడు లైసెన్సు ఉండి తీరాలి. అభ్యర్థికి 18 ఏళ్ళు నిండి ఉండాలి, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండాలి, నేరచరిత్ర తనిఖీ జరుగుతుంది, రాతపరీక్షతో పాటు మౌఖిక పరీక్ష కూడా ఉంటుంది. ఆ మౌఖిక పరీక్షలో మ్యాపు, దిక్సూచి చేతికిచ్చి పని చేయిస్తారు, మనిషి తప్పిపోయిన సందర్భాన్ని ఊహించి చెప్పి మీరేం చేస్తారని అడుగుతారు. స్నేహితులను, చుట్టాలను ప్రతిఫలం లేకుండా తీసుకెళ్ళడానికి ఇదేమీ అక్కరలేదు. కానీ తలకింత అని రుసుము పెట్టి మనుషులను పోగు చేయడం మొదలుపెడితే మీరు గైడు పని చేస్తున్నట్టే. హెచ్1బీ మీద ఉన్నవారికైతే తమ కంపెనీ దగ్గర తప్ప మరోచోట సంపాదించడం వీసా పరంగా కూడా పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

ఏమేమి కావాలి

ఒక్కొక్కరికి:

- ఒంటిని అంటి ఉండే పొర ఉన్నిది గాని, సింథటిక్‌ది గాని కావాలి. దాని మీద ఫ్లీస్ గాని ఉన్ని స్వెటరు గాని, అన్నిటికీ పైన వాన, గాలి దూరని జాకెట్టు ఉండాలి. జీన్స్ ప్యాంటు, కాటన్ టీషర్టు వద్దు.
- ఉన్ని టోపీ, చేతి తొడుగులు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక జత పొడి ఉన్ని సాక్సులు కావాలి.
- చీలమండ దాకా పట్టి ఉంచే, అడుగు గరుకుగా ఉన్న బూట్లు కావాలి.
- తలకు కట్టుకునే లైటు, కొత్త బ్యాటరీలు తప్పనిసరి. ఫోను టార్చ్ దీనికి బదులు కాదు.
- మెరిసే నారింజ రంగు జాకెట్టు, టోపీ, మెడలో ఈల ఉండాలి.
- రెండు లీటర్ల నీళ్ళు, భోజనం కాక అదనంగా ఒక పూటకు సరిపడే తిండి.

బృందానికంతా కలిపి:

- ఆ ప్రాంతపు కాగితం మ్యాపు, దిక్సూచి, అవి వాడడం తెలిసినవారు కనీసం ఇద్దరు.
- ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం. ఈ అడవుల్లో చాలాచోట్ల ఫోనుకు సిగ్నల్ ఉండదు. కొనలేకపోతే అద్దెకు తీసుకోండి.
- పదడుగుల టార్పాలిన్, ఒక స్లీపింగ్ బ్యాగు, కింద పరచడానికి ఫోమ్ చాప. ఒక రోజు నడకకే అయినా ఈ మూడూ మోయాలి. బరువు ఎందుకని అడిగేవారికి 9వ అంచె చదివి వినిపించండి.
- చిన్న స్టవ్, గిన్నె, టీపొడి, చక్కెర.
- ప్రథమ చికిత్స పెట్టె, పిడుదులను తీయడానికి సన్నని మొన ఉన్న పట్టకారు.

1. వారాన్ని ఎంచుకోండి

మెయిన్ ఉత్తర భాగంలో రంగులు సాధారణంగా సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు మొదటి వారంలో నిండుగా ఉంటాయి. సముద్రతీరం వైపు అవే రంగులు రావడానికి అక్టోబరు నడిమి దాకా, ఒక్కోసారి ఆ తర్వాత దాకా పడుతుంది. బురద నేలల్లోని ఎర్ర మేపుల్ చెట్లు ముందుగా రంగు మారతాయి, ఆ వెనక షుగర్ మేపుల్, బర్చ్, ఆస్పెన్ వంతు వస్తుంది. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, అక్టోబరు రెండో సోమవారం సెలవు కలిసొస్తుందని ఆ వారాంతానికే బసలు బుక్ చేయడం. అప్పటికి ఉత్తరాన సగం ఆకు నేల మీద ఉంటుంది, బసలన్నీ నిండిపోయి ఉంటాయి. ఒక వారం ముందే వెళ్ళగలిగితే వెళ్ళండి. కుదరకపోతే అదే సెలవులో దక్షిణాన తీరప్రాంతానికి వెళ్ళండి. మరీ ఆలస్యమైందని బాధపడేవారికి మరో దారి కూడా ఉంది. అక్టోబరు చివర్లో టమరాక్ అనే చెట్టు బంగారు పసుపు రంగుకు తిరుగుతుంది. సూదుల్లాంటి ఆకులుండి కూడా వాటిని ఏటా రాల్చేసే చెట్టు అది. అప్పటికి అడవిలో జనం ఉండరు. ఆ రంగును చూడకుండా వెనక్కి వచ్చేవారే ఎక్కువని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వం శరత్కాలంలో ఆకుల రంగులపై వారం వారం నివేదిక ఇస్తుంది, బయలుదేరే ముందు అది చూడండి. బాక్స్‌టర్ పార్కుకు వెళ్ళేటట్టయితే 5,267 అడుగుల కటాడిన్ పర్వతం ఎక్కే దారుల దగ్గర పార్కింగుకు ముందుగా రిజర్వేషన్ కావాలి, కుక్కలను లోపలికి రానివ్వరు, రాత్రి బస సాధారణంగా అక్టోబరు 15తో ఆగిపోతుంది. మొదటిసారి వెళ్ళే బృందాన్ని కటాడిన్ శిఖరానికి తీసుకెళ్ళకండి. చెట్ల హద్దు దాటాక గాలికి అడ్డు ఏదీ ఉండదు, అక్టోబరులో అక్కడ మంచు గడ్డ కట్టిన రాళ్ళ మీద నడవాల్సి రావడం మామూలే. దాన్ని కింది చెరువుల నుంచి చూస్తేనే బాగుంటుందని నా అభిప్రాయం.

2. వెలుతురు లెక్క కట్టండి

మిగతా అంచెల్లో ఏదైనా తప్పినా సర్దుకోవచ్చు గాని, ఇది తప్పితే కష్టం. మిల్లినాకెట్ ప్రాంతంలో సెప్టెంబరు చివర్లో పొద్దు సాయంత్రం 6.20 ప్రాంతంలో కుంకుతుంది. అక్టోబరు నడిమికి అది 5.50 ప్రాంతానికి వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి జరిగాక 4.15 ప్రాంతానికే సూర్యుడు దిగిపోతాడు. పగలు రోజుకు సుమారు 3 నిమిషాల చొప్పున తరుగుతూ ఉంటుంది కాబట్టి, పోయిన వారాంతం లెక్క ఈ వారాంతానికి పనికిరాదు. పైగా దట్టమైన స్ప్రూస్ చెట్ల కింద సూర్యాస్తమయానికి అరగంట ముందే నేల కనిపించడం మానేస్తుంది.

లెక్క ఇలా కట్టండి. మైలుకు అరగంట, 1,000 అడుగుల ఎత్తుకు మరో అరగంట అన్నది న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాలు) కొండల్లో వాడుకలో ఉన్న కొలత. అలవాటు లేనివారు, పెద్దవారు, పిల్లలు ఉన్న బృందానికి శరత్కాలంలో దాని మీద సగం కలపాలి. రానూపోనూ 6 మైళ్ళు, 1,500 అడుగుల ఎత్తు ఉన్న దారి అనుకోండి. నడకకు 3 గంటలు, ఎత్తుకు 45 నిమిషాలు కలిపి మూడు ముప్పావు గంటలు. సగం కలిపితే దాదాపు ఐదు గంటల నలభై నిమిషాలు. భోజనానికి, ఫోటోలకు 45 నిమిషాలు వేసుకుంటే ఆరున్నర గంటలకు దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు వెనక నుంచి లెక్క పెట్టండి. అక్టోబరు 12న పొద్దు 5.55 ప్రాంతంలో కుంకుతుంది, దానికి రెండు గంటల ముందే, అంటే నాలుగుకల్లా కారు దగ్గర ఉండాలి. కాబట్టి తొమ్మిదిన్నరకు నడక మొదలవ్వాలి. దారి చివరికి 12.20కి చేరినా చేరకపోయినా ఆగి భోంచేసి, ఒంటిగంటా ఐదుకు వెనక్కి తిరగాలి. ఈ తిరుగు సమయాన్ని కాగితం మీద రాసి ఉదయమే అందరికీ వినిపించండి. "ఇంకో పది నిమిషాలు నడిస్తే జలపాతం వస్తుందట" అన్న మాట ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వచ్చినప్పుడు అప్పటికప్పుడు చర్చ పెట్టుకోకుండా ఉండడానికే ఉదయం చదివి వినిపించమంటున్నాను.

మనవాళ్ళతో వచ్చే ఇబ్బంది బయలుదేరడం దగ్గరే. తొమ్మిదిన్నర అనుకున్న నడక టిఫిన్లు, పిల్లలు, పెట్రోలు ఆగింపులు దాటి పన్నెండుకు మొదలవుతుంది. అలా జరిగితే దారిని సగానికి తగ్గించండి గాని తిరుగు సమయాన్ని జరపకండి. రెండు గంటల లోపు నడకకు సరిపోయే చిన్న దారినొకదాన్ని ముందే ఎంచి పెట్టుకుంటే ఈ నిర్ణయం తేలిక.

3. కాగితం రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి

బృందంలో లేని, ఆ రోజు ఫోను దగ్గర ఉండగల ఒకరిని ఎంచుకోండి. అందరి పేర్లు, కార్ల నంబర్లు, ఏ దారి, ఎక్కడ బండి ఆపుతారు, ఎన్నింటికి బయటికి వస్తారు, ఎన్నింటి దాకా మీ కబురు రాకపోతే 911కు ఫోను చేయాలి అన్న వివరాలు అందులో ఉండాలి. ఆ రాష్ట్రంలో అడవిలో తప్పిపోయినవారిని వెతికే పని వార్డెన్ సర్వీసుది. వారికి మొదట కావాల్సింది బండి ఆపిన చోటు. వాట్సాప్ గ్రూపులో "మెయిన్ వెళ్తున్నాం" అని పెట్టిన సందేశం ఎవరికీ పనికిరాదు.

ఆరోగ్య వివరాలు కూడా ఈ అంచెలోనే అడగాలి, అదీ ఒక్కొక్కరిని పక్కకు పిలిచి అడగాలి. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు బృందంలో ఉంటే బీపీ, షుగరు మందుల సంగతి పదిమంది ముందు చెప్పరు. ఇన్సులిన్ గడ్డ కడితే పాడైపోతుంది కాబట్టి దాన్ని బ్యాగు బయటి అరలో కాకుండా చొక్కా లోపలి జేబులో పెట్టించండి.

4. కలప రోడ్ల మీద బండి నడపడం

ఉత్తరాన చాలా భూమి కలప కంపెనీలది, రోడ్లు వాళ్ళు వేసుకున్న కంకర రోడ్లు. కొన్ని చోట్ల గేటు దగ్గర పేర్లు రాయించుకొని రుసుము కట్టి లోపలికి వెళ్ళాలి. మిల్లినాకెట్ నుంచి కెనడా సరిహద్దు దాకా 96 మైళ్ళు సాగే గోల్డెన్ రోడ్ వీటిలో పేరున్నది. ఇక్కడ దుంగల లారీలదే దారి. ఎదురుగా లారీ కనిపించినా, వెనక దుమ్ము లేచినా కుడివైపుకు పూర్తిగా జరిగి ఆగండి. పగలు కూడా హెడ్‌లైట్లు వేసి ఉంచండి. మలుపుల్లో, వంతెనల మీద ఫోటోల కోసం ఎప్పుడూ ఆపకండి. ట్యాంకు నింపుకొని, గాలి సరిచూసిన స్టెప్నీ వేసుకొని వెళ్ళాలి. పదునైన కంకర టైర్లను కోసేస్తుంది, రెండో స్టెప్నీ ఉంటే ఇంకా మంచిది.

ఫోనులోని మ్యాపు దగ్గరి దారి అని చెప్పి మూసేసిన రోడ్డులోకి, కొట్టుకుపోయిన కల్వర్టు దగ్గరికి పంపిన సందర్భాలు ఉన్నాయి. కాగితం అట్లాసులో దారి చూసి పెట్టుకోండి. చీకటి పడ్డాక తిరిగి వచ్చేటప్పుడు మూస్ (జింక జాతిలో అన్నిటికన్నా పెద్ద జంతువు) గురించి జాగ్రత్త పడాలి. దాని ఒళ్ళు నల్లగా ఉంటుంది, కళ్ళు హెడ్‌లైటు వెలుగు కన్నా ఎత్తులో ఉండి చాలాసార్లు మెరవవు, దగ్గరికి వచ్చేదాకా కనబడదు. వేగం తగ్గించడం తప్ప దీనికి మరో ఉపాయం లేదు.

5. బండి దగ్గర తనిఖీ

నడక మొదలు పెట్టే ముందు పదిహేను నిమిషాలు దీనికే కేటాయించండి. సామాను ఉందా అని నోటితో అడిగితే అందరూ ఉందనే అంటారు. గైడ్లు అడగరు, తీయించి చూస్తారు. లైటు వెలిగించి చూపమనండి, టోపీ పెట్టుకోమనండి, జాకెట్టు జిప్పు మెడ దాకా లాగమనండి. "బాబాయిగారూ, ఒక్కసారి ప్యాంటు చేత్తో పట్టుకొని చూస్తాను, ఏమీ అనుకోకండి" అని చెప్పి గుడ్డ పట్టుకుంటే కాటన్ అవునో కాదో తెలిసిపోతుంది. కాటన్ తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. మార్చుకోవడానికి ఏమీ లేకపోతే ఆ మనిషికి మీ అదనపు ప్యాంటు ఇవ్వండి. అదీ లేకపోతే ఆ రోజు కారుకు మైలు దూరం దాటకుండా చెరువు ఒడ్డున తిరిగే దారి పట్టండి.

బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. వెచ్చగా కప్పుకొని బయలుదేరితే పావుగంటలో చెమట పడుతుంది, ఆగినప్పుడు ఆ చెమటే చలి పుట్టిస్తుంది. అందుకే పదిహేను నిమిషాలు నడిచాక ఒకసారి ఆగి, అందరిచేతా ఒక పొర తీయించండి. భోజనానికి ఆగిన వెంటనే, చలి వేయకముందే, ఆ పొర మళ్ళీ తొడిగించండి.

6. నడిపించడం

అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని మీ వెంటనే, రెండో స్థానంలో ఉంచండి. చివరన నమ్మకమైన ఒకరిని పెట్టండి, ఆయన కన్నా వెనక ఎవరూ ఉండకూడదు. దారి చీలిన ప్రతిచోటా ఆగి అందరూ వచ్చాక లెక్క పెట్టి కదలండి. కాలకృత్యాలకు పక్కకు వెళ్ళేవారు తమ సంచిని దారి మీదే వదిలి వెళ్ళాలని ముందే చెప్పండి. సంచి కనిపిస్తే మనిషి దగ్గరలోనే ఉన్నట్టు.

రాలిన ఆకు ఈ కాలంలో రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. ఒకటి, తడి ఆకు కింద స్ప్రూస్ వేళ్ళు కనబడవు. బెరడు ఊడిన వేరు మీద తడి ఆకు, దాని మీద అడుగు పడితే కాలు పక్కకు జారిపోతుంది. దిగేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ. వేరు మీద కాకుండా వేళ్ళ మధ్య నేల మీద, పాదం మొత్తం ఆనేలా అడుగు వేయమని చూపించండి. రెండోది, కాలిబాట ఏదో, పక్క నేల ఏదో తేడా తెలియకుండా ఆకు అంతటా పరుచుకుంటుంది. అప్పుడు నేలను కాక చెట్ల మీది రంగు గుర్తులను పట్టుకొని నడవాలి. అపలాచియన్ ట్రైల్ అనే పొడవాటి కాలిబాట మీద ఇవి 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున్న తెల్లని పట్టీలు. పక్క దారుల్లో చాలాచోట్ల నీలం రంగువి ఉంటాయి. వంద అడుగులు వేసినా గుర్తు కనబడకపోతే బృందాన్ని ఆపి, చివరి గుర్తు దాకా వెనక్కి వెళ్ళండి. తలా ఒక దిక్కు వెతకడం మొదలుపెడితే దారి తప్పింది ఒక బృందం కాదు, ఎనిమిది మంది వేర్వేరు మనుషులు అవుతారు.

దిక్సూచి గురించి ఒక్క విషయమే చెబుతాను. ఉత్తర మెయిన్‌లో దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి సుమారు 15 నుంచి 16 డిగ్రీలు పడమరగా చూపిస్తుంది. మ్యాపు మీద కొలిచిన కోణానికి ఆ డిగ్రీలు కలిపితే ముల్లు ప్రకారం నడవాల్సిన కోణం వస్తుంది. కలపడం మరిచిపోయి ఒక మైలు నడిస్తే పావు మైలు పైనే పక్కకు పోతారు. సరిచూసుకోవడానికి కారు ఆపిన చోట నిలబడి, మ్యాపులో ఉన్న ఒక కొండకో, సరస్సు చివరకో కోణం కట్టి, అది నిజంగా ఆ దిక్కునే ఉందో లేదో కళ్ళతో చూడండి.

7. నీటి మీదకు వెళ్ళాలనుకుంటే

మొదటిసారి తీసుకెళ్తున్నవారు అక్టోబరులో కనూ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) ఆలోచన మానుకోవడం మేలు. గాలి వెచ్చగా ఉన్న రోజు కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి. చన్నీటిలో పడ్డ మనిషికి ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్ళు పనికొచ్చేది 10 నిమిషాలు, ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట అని గైడ్లు గుర్తు పెట్టుకుంటారు. లైఫ్ జాకెట్టు పడవలో అడుగున పడి ఉంటే ఆ మొదటి నిమిషంలోనే ప్రాణం మీదికి వస్తుంది. వెళ్ళి తీరాలంటే లైఫ్ జాకెట్టు బిగించి, ఒడ్డుకు దగ్గరగా, ఉదయం పూట వెళ్ళి, మధ్యాహ్నం గాలి లేవకముందే ఒడ్డు చేరండి. సరస్సును అడ్డంగా దాటకండి.

8. తిండి, మంట, జంతువులు

ప్రతి గంటన్నరకు ఏదో ఒకటి తినిపించండి. పల్లీపట్టీ, ఖర్జూరం, జీడిపప్పు జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు. పులిహోర చాలామంది తెస్తారు. అది చెడిపోదు గాని, చలికి అన్నం బిరుసెక్కి పెద్దవాళ్ళకు మింగుడు పడదు. చపాతీలో కూర చుట్టి తెచ్చుకోవడం నయం. ఒక పెద్ద ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకొని వస్తే భోజనం దగ్గర దానికి మించింది లేదు. ఊళ్ళో బస చేసే రాత్రి ఆ ప్రాంతపు వంట తినాలంటే గుంటలో వండిన చిక్కుళ్ళు దొరుకుతాయేమో అడగండి. గట్టి కట్టెల నిప్పుల మీద ఇనుప కుండ పెట్టి, మట్టి కప్పి, రాత్రంతా వదిలేసే ఆ వంట కలప కూలీల శిబిరాల్లో బాగా వాడుకలో ఉండేది. అందులో పంది మాంసం ముక్క వేయడం వాడుక కాబట్టి శాకాహారులు ముందే చెప్పాలి.

నీటిని వడగట్టే పరికరం ఒక్కసారి గడ్డ కడితే లోపలి సన్నని గొట్టాలు చిట్లి, పైకి బాగానే కనిపిస్తూ క్రిములను వదిలేస్తుంది. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకొని పడుకోండి. అనుమానం వస్తే నీళ్ళు ఒక నిమిషం తెర్లేదాకా మరిగించండి. మంట అనుమతి ఉన్న చోటే వేయాలి. వేరే రాష్ట్రం నుంచి కట్టెలు తీసుకురావడాన్ని మెయిన్ 2010 నుంచి నిషేధించింది, పురుగులు వాటితో వస్తాయి. వాన రోజున పొడి పుల్లలు కావాలంటే నిలబడి ఉన్న స్ప్రూస్ చెట్ల కింది భాగంలో ఎండిన సన్నని కొమ్మలు విరవండి. విరిస్తే చిటుక్కుమనాలి, వంగితే పనికిరాదు. బర్చ్ బెరడు పడిపోయిన చెట్టు నుంచే తీసుకోండి.

ఇది మూస్ ఎదకాలం కూడా. మగ మూస్ చెవులు వెనక్కి మడిచి, మెడ మీది వెంట్రుకలు నిక్కించిందంటే మీ మీదికి రాబోతోందని అర్థం. వస్తే పరుగెత్తి లావుపాటి చెట్టు చాటుకు చేరండి. నల్ల ఎలుగుబంటి విషయంలో మాత్రం పరుగెత్తకూడదు, నిలబడి పెద్దగా మాట్లాడుతూ నెమ్మదిగా వెనక్కి జరగాలి. ఈ రెండింటినీ కలిపేసుకోకుండా ఉదయమే ఒకసారి చెప్పించుకోండి.

అన్నిటికన్నా వేటను ఎక్కువగా పట్టించుకోవాలి. సెప్టెంబరు చివరి నుంచే పక్షుల, మూస్ వేట నడుస్తుంది, నవంబరులో తుపాకులతో జింకల వేట జరుగుతుంది. నారింజ రంగు వేసుకోవడం వేటగాళ్ళకే కాదు, మీకూ అవసరం. ఆ జింకల తోక అడుగు భాగం తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్ల టోపీ, తెల్ల తొడుగులు, తెల్ల చున్నీ, గోధుమ రంగు శాలువా అడవిలోకి తేకండి. మెయిన్‌లో ఆదివారం వేట లేదు, నవంబరులో నడవాలంటే ఆ రోజు ఎంచుకోండి. పక్కనున్న న్యూహ్యాంప్‌షైర్, వెర్మాంట్‌లలో ఆదివారం కూడా వేట ఉంటుంది, ఈ సలహా అక్కడ పనిచేయదు.

9. చలి పట్టిన మనిషిని గుర్తుపట్టడం

గడ్డకట్టే చలి అక్కరలేదు. 45 డిగ్రీల ఫారన్‌హీట్, సన్నని వాన, కాస్త గాలి ఉంటే చాలు. అప్పటిదాకా కబుర్లు చెప్పిన మనిషి మాట తగ్గిస్తాడు. విసుక్కుంటాడు. చదునైన నేల మీద తడబడతాడు. మాట ముద్దగా వస్తుంది. ముఖ్యంగా చేతులు చూడండి: చాక్లెట్టు కాగితం విప్పలేక పళ్ళతో లాగుతుంటాడు, జిప్పు రెండు కొసలూ కలవక వదిలేస్తాడు. బొటనవేలిని అదే చేతి చిటికెన వేలికి ఆనించమనండి. ఆనించలేకపోతే అక్కడే ఆగాలి. "నడిస్తే వేడెక్కుతాను, పదండి" అని ఆయనే అంటాడు, వినకండి.

టార్పాలిన్ గాలికి అడ్డంగా కట్టి, ఫోమ్ చాప మీద కూర్చోబెట్టండి. తడి బట్టలు తీసి పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పెట్టి, చుట్టూ టార్పాలిన్ మడవండి. మింగగలిగితే చక్కెర ఎక్కువ వేసిన వెచ్చని టీ ఇవ్వండి. చేతులు కాళ్ళు రుద్దకండి, మద్యం ఇవ్వకండి. షుగరు వ్యాధి ఉన్నవారైతే రక్తంలో చక్కెర వెంటనే పరీక్షించండి, అది పడిపోయినప్పుడు కూడా తడబాటు, ముద్దమాట ఇలాగే ఉంటాయి. వణుకు తగ్గి, మనిషి తేరుకొని, వేళ్ళు పనిచేస్తుంటే నెమ్మదిగా కారు వైపు నడిపించవచ్చు. వణుకు ఆగిపోయి మనిషి మాత్రం అయోమయంగానే ఉంటే అది బాగుపడడం కాదు, ముదరడం. అప్పుడు పడుకోబెట్టి, ఎక్కువగా కదపకుండా, ఉపగ్రహ పరికరం మీద ఎస్‌ఓఎస్ నొక్కాలి.

10. ఒకరు కనిపించకపోతే

అందరినీ ఉన్నచోటే ఆపండి. చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి చూశారో రాసుకోండి. మూడుసార్లు ఈల వేసి, ఒక నిమిషం నిశ్శబ్దంగా వినండి, మళ్ళీ వేయండి. ఇద్దరిని, ఇద్దరినే, చివరి చీలిక దాకా వెనక్కి పంపండి, తిరిగి రావాల్సిన సమయం చెప్పి పంపండి. అరగంటలో దొరక్కపోతే సహాయం కోరండి. పరువు పోతుందని, ఎవరైనా ఏమైనా అనుకుంటారని చీకటి పడేదాకా ఆగడమే ఇందులో జరిగే అతి పెద్ద తప్పు. ఇక తప్పిపోయినవారు చేయాల్సింది ఉదయమే ప్రతి ఒక్కరికీ, పిల్లలకైతే రెండుసార్లు చెప్పండి: తప్పిపోయానని అనిపించిన క్షణమే ఒక చెట్టు దగ్గర కూర్చొని ఈల వేస్తూ ఉండాలి, నడవకూడదు.

11. తిరిగి వచ్చాక

కారు దగ్గర తల లెక్క పెట్టండి. అనుకున్న సమయానికి, చేరిన సమయానికి తేడా ఎంతో రాసుకోండి. అరగంటకు మించి ఆలస్యమైతే 2వ అంచెలో మీరు వేసిన లెక్క మీ బృందానికి సరిపోలేదని అర్థం, రేపటి దారిని ఆ మేరకు తగ్గించండి. సంచుల్లో తిండి అలాగే మిగిలిపోయిందా, నీళ్ళ సీసాలు నిండుగా ఉన్నాయా చూడండి. ఉంటే మీరు తినిపించడం, తాగించడం మరిచిపోయారు. ఎవరి లోపలి పొర అయినా చెమటతో తడిసి ఉంటే బట్టల పొరలు సమయానికి తీయించలేదన్నమాట.

అదే రాత్రి అందరూ ఒళ్ళంతా పిడుదుల కోసం చూసుకోవాలి. చలికాలం వస్తోంది కదా, అవి ఉండవనుకోవడం పొరపాటు. లైమ్ వ్యాధిని మోసే జింక పిడుదుల్లో పెద్దవి అక్టోబరు, నవంబరుల్లోనే చురుగ్గా తిరుగుతాయి. మోకాళ్ళ వెనక, చంకలు, నడుము పట్టీ కింద, చెవుల వెనక, పిల్లల జుట్టులో వెతకండి. పట్టుకొని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని నిటారుగా లాగండి. కిరోసిన్, నూనె, అగ్గిపుల్ల వాడకండి. సాధారణంగా 24 గంటలకు పైగా అంటి ఉంటేనే వ్యాధి సోకుతుంది కాబట్టి ఆ రాత్రే తీసేయడం ముఖ్యం. తర్వాత నెల రోజుల్లో ఎర్రని దద్దురు వ్యాపించినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించి, ఎక్కడికి వెళ్ళి వచ్చారో చెప్పండి.

సిగ్నల్ దొరికిన మొదటి చోట బండి పక్కకు ఆపి, మీ కాగితం పెట్టుకొని ఎదురుచూస్తున్న మనిషికి ఫోను చేసి, అందరం బయటికి వచ్చేశామని చెప్పండి.